సినిమా, మీడియా కళల్లో పీజీ చదవాలంటే: పదో తరగతిలోనే చూసుకోవలసిన సంగతులు

సినిమా చదువు అనగానే మన సోలాపురం ఇళ్లల్లో ఇంకా హీరో అవడం గురించే అనుకుంటారు. పీజీ స్థాయిలో దర్శకత్వం, కెమెరా, ఎడిటింగ్, సౌండ్, కళాదర్శకత్వం ఇవన్నీ వేర్వేరు చదువులు. ఏ విభాగమో దరఖాస్తులోనే చెప్పాలి. ఎక్కువ విభాగాలకు "ఏ డిగ్రీ అయినా సరే" అని రాసి ఉంటుంది కాబట్టి డిగ్రీ అయ్యాక చూసుకుందాంలే అంటారు పెద్దవాళ్లు. రెండు విభాగాలకు మాత్రం ఆ లెక్క కుదరదు.

మొదటిది సౌండ్. పుణెలోని ఎఫ్‌టీఐఐలో సౌండ్ రికార్డింగ్ కోర్సుకు డిగ్రీ ఏదైనా పర్వాలేదు గానీ పన్నెండో తరగతిలో ఫిజిక్స్ ఉండాలని నియమం పెడుతూ వచ్చారు. పదకొండులో ఆర్ట్స్‌కో కామర్స్‌కో వెళ్లిన పిల్లకు ఇరవై ఒకటో ఏట ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు. ఈ విభాగానికి పోటీ కూడా దర్శకత్వానికి ఉన్నంత కనబడదు, పని మాత్రం సినిమా, టీవీ, ప్రకటనలు అన్నిట్లోనూ దొరుకుతుంది. మన కె. విశ్వనాథ్ గారు కూడా బీఎస్సీ చదివి, మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలోనే పని మొదలుపెట్టారు. దర్శకత్వం ఆ తర్వాతి మాట.

రెండోది కళాదర్శకత్వం. దీనికి చిత్రలేఖనం, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, ఆర్కిటెక్చర్, ఇంటీరియర్ డిజైన్ లాంటి డిగ్రీ అడుగుతారు. బొమ్మలు బాగా వేసే పిల్లల్ని బీకాంలో చేర్పించే ముందు ఇది ఆలోచించండి.

ఎఫ్‌టీఐఐ మనకు దగ్గర. 1960లో కేంద్ర ప్రభుత్వం పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలోనే దీన్ని పెట్టింది. 'సంత్ తుకారాం' తీసిన చోటు అదే. కోల్‌కతాలో సత్యజిత్ రాయ్ పేరు మీద ఇలాంటిదే ఇంకో కేంద్ర సంస్థ ఉంది. రెండిట్లోనూ సినిమా విభాగం ప్రధాన కోర్సులు మూడేళ్లు. సీట్లు చాలా తక్కువ, ఒక్కో విభాగంలో పదీ పదిహేను లోపే. ఢిల్లీ జామియా మిలియాలో మాస్ కమ్యూనికేషన్ ఎంఏ, అహ్మదాబాద్ ఎన్ఐడీలో ఫిల్మ్ అండ్ వీడియో కమ్యూనికేషన్ ఎండెస్ కూడా పేరున్నవే.

సర్టిఫికెట్ మీద ఏముంటుందో అడగడం మర్చిపోవద్దు. పై రెండు ఫిల్మ్ సంస్థలూ ఏళ్ల తరబడి ఇచ్చినది పీజీ డిప్లొమా. ఎఫ్‌టీఐఐ మూడేళ్ల డిప్లొమాను విశ్వవిద్యాలయాల సంఘం మాస్టర్స్‌తో సమానంగా గుర్తించింది. రేపు కాలేజీలో పాఠం చెప్పాలన్నా, పీహెచ్‌డీకి వెళ్లాలన్నా ఈ గుర్తింపే ముఖ్యం. ప్రైవేటు అకాడమీలు ఇచ్చే "డిప్లొమా" అన్నిటికీ ఇది ఉండదు. ఫీజు లక్షల్లో కట్టే ముందు ఏ యూనివర్సిటీకి అనుబంధమో కాగితం మీద చూపించమనండి. నోటిమాట నమ్మకండి.

ప్రవేశ పరీక్ష ఇంగ్లీషు, హిందీలలో ఉంటుంది, తెలుగులో రాదు. రాతపరీక్ష తర్వాత ఇంటర్వ్యూ. చూసిన సినిమా గురించి సొంత మాటల్లో చెప్పగలగాలి, కోచింగ్ నోట్సు అక్కడ పనికిరాదు. పరీక్ష ఒక్కటే ఆ భాషల్లో. తీసే సినిమాలు ఏ భాషలోనైనా ఉండొచ్చు. ఎఫ్‌టీఐఐలో చదివిన పాయల్ కపాడియా సినిమాకు 2024లో కాన్స్‌లో గ్రాండ్ ప్రి వచ్చింది. అందులో పాత్రలు మలయాళం, హిందీ, మరాఠీ మాట్లాడతాయి. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో హిందీ, ఇంగ్లీషు నేర్చిన మన పిల్లలకు ఇదేమీ కొత్త కాదు కదా. రంగులు సరిగా గుర్తుపట్టలేని పిల్లలు ఉంటే వాళ్లకూ దారి ఉంది: ఆ కారణంతో ఎడిటింగ్ సీటు ఇవ్వని కేసులో 2022లో సుప్రీంకోర్టు అభ్యర్థి పక్షానే తీర్పు ఇచ్చింది.

పెద్ద సంస్థలో సీటు రాలేదని చదువు ఆపేయక్కర్లేదు. మన జిల్లా కర్మాళా తాలూకా జేవూర్‌కు చెందిన నాగరాజ్ మంజుళే మరాఠీలో ఎంఏ చేశాక అహ్మద్‌నగర్‌లో మామూలు కాలేజీలోనే కమ్యూనికేషన్ పీజీ చదివారు. అక్కడ చదువులో భాగంగా తీసిన 'పిస్తుల్యా' చిన్న సినిమాకు జాతీయ అవార్డు వచ్చింది. 'ఫండ్రీ', 'సైరాట్' ఆ తర్వాతే.

కాగితాల విషయం. ఎఫ్‌టీఐఐ కేంద్ర సంస్థ, అందువల్ల రిజర్వేషన్‌కు కేంద్ర నమూనాలోనే ఓబీసీ సర్టిఫికెట్ అడుగుతారు. రాష్ట్ర కాలేజీలో చేరడానికి తీసుకున్న కులపత్రం సరిపోదు. కులం కేంద్ర జాబితాలో ఉందా, మహారాష్ట్ర పేజీలో ఏ పేరుతో ఉంది అన్నది ముందే చూసుకోవాలి. ఆంధ్ర, తెలంగాణ జాబితాల్లో ఉంటే ఇక్కడా ఉన్నట్టే అనుకోవద్దు. క్రీమీలేయర్ లేదన్న పత్రం కూడా తాజాది కావాలి, దరఖాస్తు గడువు దగ్గరపడ్డాక తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగితే పని కాదు.