ఐదు మిల్లీవోల్టుల పాట

కాసిపేట బొగ్గు బాయి సంగతి తెలిసినవాళ్లకు ప్రీయాంప్లిఫయర్ గురించి చెప్పడం తేలిక. బొగ్గు తవ్వే ఫేసు దగ్గరే బొగ్గులో రాయి కలిస్తే, హాలేజీ ఎంత బలంగా లాగినా పైకొచ్చేది రాయి కలిసిన బొగ్గే. పాటదీ అదే దారి. ఇంట్లో మోగే పెట్టెను వాట్లతో, వుఫర్ సైజుతో కొలవడం మనకు అలవాటైపోయింది గానీ, మంచి చెడ్డలు తేలేది మొదటి మెట్టులోనే, సన్నటి సిగ్నలును మొదట పెంచే ప్రీయాంప్ అనే చిన్న బోర్డు మీదే.

చావి తిప్పే గ్రామఫోనుకు ఈ గొడవ లేదు, దానికి కరెంటే అక్కర్లేదు. చిక్కు ఎల్పీలకుంది. బేస్‌ను ఉన్నదున్నట్టు చెక్కితే గాడి వెడల్పై పక్క గాడిలోకి పోతుంది. అందుకే చెక్కేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచుతారు. 1954లో ఖరారైన, రికార్డు కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ లెక్క ప్రకారం, వెయ్యి హెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ శబ్దం దాదాపు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. దాన్ని తిరిగి సరిచేసేది ప్రీయాంపే. అది లేకుండా ఘంటసాల భగవద్గీత ఎల్పీని మాగ్నెటిక్ పికప్‌తో వింటే, ఆ నిండు గొంతు రేకు డబ్బాలోంచి పలికినట్టుంటుంది. వాల్యూమ్ ఎంత తిప్పినా పోయిన మంద్రం తిరిగి రాదు. 1963లో ఫిలిప్స్ తెచ్చిన క్యాసెట్టుకూ ప్రీయాంప్ తప్పదు. టేపు హెడ్డు నుంచి వచ్చేది ఒక మిల్లీవోల్టు కూడా ఉండదు.

మరి చవక రికార్డు ప్లేయర్లు ఏ ప్రీయాంపూ లేకుండా పాడలేదా అనవచ్చు. పాడాయి. వాటి సిరామిక్ పికప్ వందల మిల్లీవోల్టులు ఇస్తుంది, బేస్ లెక్కనూ తనంతట తానే సుమారుగా సరిదిద్దుకుంటుంది. ఆ సుమారుతనమే దాని ధర. ఒక మెట్టు పెరిగితే కొంత రొద పెరుగుతుందన్న మాటా నిజమే. కానీ లెక్క చూడండి: మాగ్నెటిక్ పికప్ ఇచ్చే 5 మిల్లీవోల్టులను ప్రీయాంప్ వంద రెట్లు, పవర్ యాంప్ ఇరవై రెట్లు పెంచితే స్పీకరుకు 10 వోల్టులు చేరతాయి. మొదట్లో దూరిన ఒక్క మైక్రోవోల్టు రొద రెండువేల రెట్లవుతుంది, పవర్ యాంప్ దగ్గర దూరినది ఇరవై రెట్లే. పాత క్యాసెట్టు డెక్కుల్లో పవర్ యాంప్ 4440 ఐసీ గొప్ప చెప్పుకున్నవాళ్లు హెడ్డు వైరుకు షీల్డు ఉందో లేదో చూడలేదు, హమ్ తరచూ అక్కడినుంచే వచ్చేది.

1982లో వచ్చిన సీడీ ప్లేయర్ ఏకంగా రెండు వోల్టులిచ్చింది. ఆ రోజునుంచి ప్రీయాంప్ పనైపోయిందన్నవాళ్లది సగం నిజం. పెంచే పని పోయింది. సీడీ, ఫోను, టీవీల్లో ఒకదాన్ని ఎంచుకోవడం, బేస్ ట్రెబుల్ దిద్దడం, పొడవాటి వైరును నెట్టుకుపోవడం మిగిలాయి. ఒక్క ఫోను, జానెడు వైరు ఉన్న ఇంటికి ఉత్త వాల్యూమ్ కంట్రోలు చాలు, డబ్బు దండగ చేసుకోవద్దు.

అటక మీది డెక్కు దింపారా? కొత్త స్పీకర్లు కొనేముందు హెడ్డును స్పిరిట్ దూదితో తుడిచి, ప్రీయాంప్ బోర్డులో ఎండిపోయిన కెపాసిటర్లు మార్పించండి.