నూలు మిల్లు నుండి సాఫ్ట్‌వేర్ వరకు

కొన్ని శతాబ్దాల క్రిందట తెలుగునేల నుండి తరలివచ్చి రాజపాళయంలో స్థిరపడిన రాజుల కుటుంబాలకు చిరకాలం సేద్యమే జీవనాధారం. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా రాజపాళయం మిల్స్‌ను నెలకొల్పడంతో నూలు పరిశ్రమ పట్టణానికి కొత్త బ్రతుకుతెరువైంది. తెగిన పోగును క్షణంలో అతికించగల వ్రేళ్లే నాటి మిల్లు కార్మికుని యోగ్యతాపత్రం.

ఆ పారిశ్రామిక కుటుంబం నుండే 1997లో చెన్నై కేంద్రంగా రామ్‌కో సిస్టమ్స్ వెలసింది. జీతాల లెక్కలు, సరకుల నిల్వలు, విమానాల మరమ్మతు వంటి పనులను నిర్వహించే సాఫ్ట్‌వేర్‌ను దేశవిదేశాల సంస్థలకు అందించింది. 2013లో రాజపాళయంలోనే రామ్‌కో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆరంభమై, ఇంజనీరింగు విద్యను స్థానిక విద్యార్థుల ముంగిటికి తెచ్చింది.

సాఫ్ట్‌వేర్ సంస్థల ఇంటర్వ్యూలలో పట్టా ఒక్కటే చాలదు. ఎదుట ఉంచిన సమస్యను భాగాలుగా విడదీసి, ప్రతి మెట్టుకు కారణం చెప్పి, పొరపాటు తెలిసినంతనే సరిదిద్దుకోవాలి. సమాధానం తెలిసి కూడా ఆంగ్లమంటే బెరుకుతో మౌనం వహించే తెలుగు మాధ్యమ విద్యార్థులు అనేకులు. ఆంగ్లం అభ్యాసంతో అలవడుతుంది, “ఎందుకు?” అని ప్రశ్నించే స్వభావం మాత్రం బాల్యంలో, ఇంటిభాషలోనే నాటుకోవాలి. పోగు తెగిన చోటును పసిగట్టిన తాతల చూపును, ప్రోగ్రాములో తప్పును వెదకవలసిన మనుమలకు అందించడం తల్లిదండ్రులకు, పాఠశాలకు ఉమ్మడి బాధ్యత.