నల్లగొండసీమ గడీలలో నిలువుటద్దము

అద్దము మొగము చూచుకొనుటకే యేర్పడినదని తలంచుట పొరపాటు. దేవాలయములందు ఛత్రచామరములతోఁ బాటు దర్పణమును రాజోపచారములలో నొకటి; అష్టమంగళములలోను దానికి స్థానము కలదు. గాజు రాకపూర్వము మెఱుఁగుపెట్టిన కంచుబిళ్లయే దర్పణము. సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱిలో కాకతీయుల కాలమున రేచెర్ల రెడ్లు కట్టించిన గుడులయందలి నల్లరాతి కంబముల నునుపును జూచినవారికి, మెఱుఁగుదీర్చు పని యీ సీమకుఁ గొత్తది కాదని తెలియఁగలదు.

పెద్ద గాజుటద్దములు మాత్రము సముద్రముమీఁద వచ్చినవి. ఐరోపావర్తకులు దేశీయప్రభువుల కిచ్చు కానుకలలో నద్దములు నుండెడివి. మచిలీపట్నపు రేవునుండి గోలకొండకుఁ బోవు ప్రాఁతబాట యీ ప్రాంతముగుండనే సాగెను. తొలుత గాజు వెనుక తగరమును పాదరసమును గలిపి పూసెడివారు. 1835లో జర్మను రసాయనశాస్త్రజ్ఞుఁడగు లీబిగు వెండిపూత పద్ధతిని గనిపెట్టెను. తరువాత పెద్ద యద్దములు నవాబుల మేడలనుండి దేశముఖుల గడీలకు దిగివచ్చెను. హైదరాబాదు చౌమహల్లా, ఫలక్‌నుమాలు వారికి మేలుబంతులు. బెల్జియమద్దమని చెప్పుకొనునదెల్ల బెల్జియమునుండి వచ్చినదని నమ్మరాదు. ఆ పేరు మేలిమికిఁ బర్యాయపదమైనది.

అలంకరణమునకే యైనచో నిట్టి యద్దము అంతఃపురమున నుండవలెను. చెక్కడపుఁ జట్రముతో నది దివాణపు గోడ నలంకరించుట వచ్చినవారికిఁ జూపుటకే. దీపములును జనమును అందు రెట్టింపై కనఁబడును. సూర్యాపేట తాలూకా యెఱ్ఱపహాడు దేశముఖు క్రింద లక్షన్నర యెకరముల భూమి యుండెనని పుచ్చలపల్లి సుందరయ్యగారు వ్రాసిరి. అట్టి దొరల యిండ్లకు మంగలి వెట్టికి వచ్చి క్షౌరము చేయవలసియుండెను. వాని పొదిలోని చిన్నయద్దమందును దొర మొగమే కనఁబడెడిది.

కోదాడకు సమీపమున నడిగూడెము కోటలో వేఱొక వైభవము కలదు. మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారిని దివానుగఁ జేర్చుకొని, 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమునకును, 1906లో విజ్ఞానచంద్రికామండలికిని అండయైరి. ఆ సంస్థానమును నేఁడు లోకము తలఁచుట గ్రంథములవలననే గాని గృహోపకరణములవలనఁ గాదు.

1946 మొదలు 1951 వఱకు జరిగిన రైతాంగపోరాటమున సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకాలలోని పలువురు దొరలు గడీలను విడిచి పట్టణములకుఁ బోయిరి. 1949లో జాగీర్లు రద్దయ్యెను. తండాలలో లంబాడీస్త్రీలు రవికలకును పైఁటలకును గుట్టుకొను అద్దపు బిళ్లలు మాత్రము ఏ దివాణపు గోడను ఆశ్రయింపలేదు. అవి వృద్ధస్త్రీల వస్త్రములందు నేఁటికిని మెఱయుచున్నవి.