అందరికీ ఒకే పరీక్ష, కొందరికే ప్రమోషన్: గ్రిగ్స్ తీర్పు ఏం చెప్పింది?

ప్రశ్నపత్రం అందరికీ ఒకటే అయినప్పుడు వివక్ష ఎక్కడుంది? ప్రమోషన్ల చర్చ వచ్చిన ప్రతిసారీ దళిత ఉద్యోగులకు ఎదురయ్యే ప్రశ్న ఇది. అమెరికాలో నల్లజాతి కార్మికులకూ ఇదే ప్రశ్న ఎదురైంది. 1971 మార్చి 8న అక్కడి సుప్రీంకోర్టు గ్రిగ్స్ వర్సెస్ డ్యూక్ పవర్ కేసులో దానికి జవాబు చెప్పింది.

కేసు నేపథ్యం

నార్త్ కరొలినాలోని డ్యూక్ పవర్ కంపెనీకి డాన్ రివర్ దగ్గర విద్యుత్ కేంద్రం ఉండేది. అందులోని 95 మంది ఉద్యోగుల్లో 14 మంది నల్లవాళ్లు. వాళ్లందరినీ ఊడ్చే, కడిగే పనులుండే లేబర్ విభాగంలోనే పెట్టారు. ఆ విభాగంలో అత్యధిక జీతం కూడా మిగతా విభాగాల్లోని అతి తక్కువ జీతం కంటే తక్కువే.

1964 పౌరహక్కుల చట్టంలో ఉద్యోగ వివక్షను నిషేధించే భాగం 1965 జులై 2న అమల్లోకి వచ్చింది. సరిగ్గా అదే రోజు కంపెనీ రెండు రాత పరీక్షలు తెచ్చింది. ఒకటి తెలివితేటలను కొలిచేది, రెండోది యంత్రాల అవగాహనను కొలిచేది. లేబర్ విభాగం నుంచి పైకి వెళ్లాలంటే హైస్కూల్ డిప్లొమా ఉండాలి, లేదా ఈ పరీక్షలు పాసవ్వాలి. 1960 జనగణన ప్రకారం ఆ రాష్ట్రంలో హైస్కూల్ పూర్తిచేసిన తెల్ల పురుషులు 34 శాతం, నల్ల పురుషులు 12 శాతం. నల్లపిల్లలను వేరు బడుల్లో నాసిరకం చదువుకు పరిమితం చేసిన సమాజం, ఇప్పుడు వాళ్లను సర్టిఫికెట్ అడిగింది.

తీర్పు సారాంశం

కోర్టు ఏకగ్రీవంగా కార్మికుల పక్షాన నిలిచింది. యజమాని ఉద్దేశం మంచిదైతే సరిపోదని, నిబంధన ఫలితం చూడాలని చెప్పింది. పరీక్షకూ చేయాల్సిన పనికీ సంబంధం ఉందని నిరూపించే భారం యజమానిదేనంది. నిజానికి డిప్లొమా లేకుండా, పరీక్ష రాయకుండా పాత విభాగాల్లో చేరిన తెల్లవాళ్లు పని బాగానే చేస్తున్నారు. అంటే ఆ పరీక్ష పనిని కొలవలేదు, మనుషులను ఆపింది. దీన్నే పరోక్ష వివక్ష అంటారు.

పరీక్షను కొలిచే లెక్క

1978 నుంచి అక్కడి ప్రభుత్వ సంస్థలు ఒక కొలమానం వాడాయి. ఎక్కువ ఉత్తీర్ణత ఉన్న సమూహంతో పోలిస్తే మరో సమూహం ఉత్తీర్ణత 80 శాతానికి తగ్గితే అనుమానించాలి. 2003లో న్యూ హేవెన్ అగ్నిమాపక శాఖ లెఫ్టినెంట్ పరీక్షలో 43 మంది తెల్లవాళ్లలో 25 మంది, 19 మంది నల్లవాళ్లలో ఆరుగురు పాసయ్యారు. అంటే 58 శాతం, 32 శాతం. రెండోది మొదటిదాంట్లో సగం కంటే కాస్తే ఎక్కువ.

నగరం ఆ ఫలితాలను పక్కన పెట్టింది. కానీ 2009లో రిచ్చీ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో దాన్ని తప్పుబట్టింది. బలమైన ఆధారం లేకుండా జాతిని చూసి ఫలితాలు రద్దు చేయడమే వివక్ష అంది. రాత పరీక్షకు 60 శాతం వెయిటేజీ ఎందుకని భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ గిన్స్‌బర్గ్ ప్రశ్నించారు. మంటల మధ్య బృందాన్ని నడిపించే నేర్పు కాగితం మీద ఎంత తెలుస్తుంది?

మన దగ్గర

గ్రిగ్స్ తీర్పు 2021లో మన సుప్రీంకోర్టు దాకా వచ్చింది. సైన్యంలో మహిళా అధికారుల శాశ్వత కమిషన్‌పై నితీశ కేసులో కోర్టు దాన్ని చర్చించి, పైకి సమానంగా కనిపించే మూల్యాంకన పద్ధతిని పరోక్ష వివక్షగా తేల్చింది. అంతకుముందు 2019లో పవిత్ర కేసులో, ప్రతిభ అంటే పరీక్షలో ర్యాంకు మాత్రమే కాదని చెప్పింది. ప్రమోషన్లలో ఎస్సీ, ఎస్టీలకు అర్హత మార్కులు సడలించే వీలు 2000లో 82వ సవరణ ద్వారా 335వ అధికరణంలోకి చేరింది.

అయితే సడలింపును దయగా చూపించే వాదన ఆగలేదు. గ్రిగ్స్ తీర్పు ఆ వాదనను తిరగేస్తుంది. సంజాయిషీ చెప్పుకోవాల్సింది తక్కువ మార్కులు వచ్చిన ఉద్యోగి కాదు, పరీక్ష పెట్టిన యాజమాన్యం. ఏ శాఖా పరీక్ష గురించైనా అడగాల్సినవి రెండే: ఏ వర్గం నుంచి ఎందరు రాశారు, ఎందరు పాసయ్యారు? ఆ ప్రశ్నలకూ రేపు చేయాల్సిన పనికీ సంబంధమేంటి? మొదటిదానికి జవాబు అంకెల్లో ఉంటుంది. ఉద్యోగ సంఘాలు సమాచార హక్కు కింద ఆ అంకెలు అడగడంతో మొదలుపెట్టవచ్చు.