పెట్టె నుండి యంత్రమునకు: చిక్కబళ్ళాపుర సీమలో వోటు భద్రత

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో అనేక కుటుంబములకు ఇంటిమాట తెలుగు, బడిమాట కన్నడము. అక్షరము రానివారికిని, తెలుగు మాత్రమే చదువ నేర్చినవారికిని అభ్యర్థి పేరుకంటె గుర్తే ఆధారము. ఈ సీమలో వోటు భద్రత యనగా ప్రధానముగా గుర్తుయొక్క భద్రతయే.

1951-52 ఎన్నికలనాటికి ఈ తాలూకాలు మైసూరు రాష్ట్రమందలి కోలారు జిల్లాలోనివి. అప్పుడు ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె; పెట్టెపై గుర్తు. వోటరు కాగితముపై ఏ ముద్రయు వేయక, తనకు నచ్చిన పెట్టెలో విడిచెడివాడు. ముద్రలేని కాగితమును దాచి వెలుపలికి తెచ్చి అమ్ముకొనుటకు అందు అవకాశము కలదు. 1962 నాటికి గుర్తుపై ముద్రవేయు పద్ధతి సాధారణమైనది. మైసూరు కర్మాగారపు చెరగని సిరాయు ఆ యేడే వచ్చినది. ఈ మోసములును, వాని విరుగుడులును కంటికి కనబడునవే. లక్క సీలు పగిలినదో లేదో ఏజెంటుగా కూర్చున్న రైతు సైతము చెప్పగలడు.

యంత్రముతో ఈ స్థితి మారినది. 1982లో కేరళమందలి పరూరులో యంత్రముల నుపయోగింపగా, చట్టము లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ యంత్రపు వోటింగును చెల్లదనెను. చట్టసవరణ 1989లో అమలునకు వచ్చినది. 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటను యంత్రములే. వీనిని చేయు సంస్థలు రెండు: బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్, హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. ఆ రెండు నగరములను కలుపు రహదారి బాగేపల్లి, చిక్కబళ్ళాపురముల మీదుగానే పోవును!

2010లో హైదరాబాదు సాంకేతికుడు వేమూరు హరికృష్ణప్రసాదు విదేశ శాస్త్రజ్ఞులతో కలిసి ఒక యంత్రమును పరీక్షించి, అంకెలు చూపు పలకను మార్చియు, జ్ఞాపకపు చిప్పుపై చిన్న పరికరము తగిలించియు ఫలితమును తారుమారు చేయవచ్చునని చూపెను. యంత్రము ఏ వలతోను కలుపబడలేదని ఎన్నికల సంఘము వాదము. అది నిజమే, కాని ఆ పరీక్ష చూపినది వల ద్వారా చొరబాటును కాదు, యంత్రమును చేతపట్టినవాని శక్తిని. యంత్రము దొంగిలింపబడినదను ఆరోపణపై ఆయన ఆ ఆగస్టులో అరెస్టయ్యెను. నాటి కేంద్ర న్యాయమంత్రి వీరప్ప మొయిలీ చిక్కబళ్ళాపుర లోక్‌సభ సభ్యుడే యగుట గమనింపదగినది.

2013లో కాగితపు చీటీ వచ్చినది. వోటరు తన గుర్తును అద్దము వెనుక ఏడు సెకనులు చూడగలడు. 2019 నుండి ప్రతి శాసనసభా నియోజకవర్గమున ఐదు కేంద్రముల చీటీలను లెక్కింతురు. బాగేపల్లికి ఐదు, చింతామణికి ఐదు. అయితే ఆ గుర్తులు చీటీ యంత్రములోనికి మరొక పరికరము ద్వారా ఎక్కింపబడవలెను. బయటినుండి సమాచారము యంత్రమున ప్రవేశించు ఆ ద్వారమునకు కావలి యెక్కువ యుండవలెనని నా అభిప్రాయము.

2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు పాత కాగితపు పద్ధతిని నిరాకరించుచునే, గుర్తుల నెక్కించు పరికరములను సీలువేసి ఫలితముల తరువాత 45 దినములు భద్రపరుపవలెనని ఆదేశించెను. చిక్కబళ్ళాపుర, కోలారు లోక్‌సభా స్థానములకు పోలింగు జరిగినది సరిగా ఆ దినముననే. ఆదేశము మే 1 నుండి గుర్తు లెక్కించిన వానికి మాత్రమే. కావున ఆ ఉదయము బాగేపల్లి, చింతామణి జనులు వోటువేసిన యంత్రములకు గుర్తుల నెక్కించిన పరికరములు దాని పరిధిలోనికి రాలేదు.