గుంటూరు గ్రహణము: ఒక తర్కవిద్యార్థి విచారణ

హీలియమను వాయువు మన గుంటూరిలోనే కనుగొనబడినదని ప్రవాసాంధ్ర కుటుంబములలో పెద్దలు పిల్లలకు చెప్పుట కలదు. మూడు నాలుగు తరములుగా కన్నడ దేశమునందో తమిళ దేశమునందో స్థిరపడి, గుంటూరు పొలిమేర యెరుగనివారు సైతము ఈ మాట గర్వముతో చెప్పుకొందురు. జ్ఞానమీమాంసను, విజ్ఞానశాస్త్ర తత్త్వమును పాఠముగా చదువుచున్న నాకు ఈ మాట పరిశీలింపదగినదిగా తోచినది. కనుగొనుట యనగా నేమి? చూచుటయా, ఊహించుటయా, ఋజువు చేయుటయా?

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణచ్ఛాయ మన దేశము మీదుగా సాగెను. దానిని పరిశీలించుటకు ఫ్రాన్సు నుండి జాన్సెన్ గుంటూరునకు వచ్చి విడిసెను. మేజర్ టెన్నెంట్ అను ఆంగ్లేయుడును అచ్చటనే యుండెను. మద్రాసు నక్షత్రశాల నుండి పాగ్సన్ మచిలీపట్టణమునకును, అచ్చటనే పనిచేయుచుండిన చింతామణి రఘునాథాచార్యులు వనపర్తికిని పోయిరి. లెఫ్టినెంట్ హెర్షెల్ నేటి కర్ణాటకములోని జమఖండిలో నిలిచెను.

సూర్యబింబపు అంచున ఎగయు జ్వాలల వెలుగును స్పెక్ట్రోస్కోపుతో విడదీసి చూడగా ప్రకాశించు రేఖలు కనబడెను. ఆ జ్వాలలు వాయుమయములని దానితో తేలినది. జాన్సెన్ బుద్ధి అంతటితో ఆగలేదు. ఇంత కాంతిగల రేఖలు గ్రహణము లేకున్నను కనబడవలెను గదా యని తలచి, మరునాడు నిండు సూర్యకాంతిలోనే వానిని చూచెను. అంతవరకు గ్రహణకాలమున కొద్ది నిమిషములు మాత్రమే దొరకుచుండిన దృశ్యము ఇక ప్రతిదినము అందుబాటులోనికి వచ్చినది. ఇంగ్లండులో లాకియర్ ఇదే పనిని అక్టోబరు 20న స్వతంత్రముగా సాధించెను. ఇరువురి వార్తలును పారిస్ విజ్ఞాన పరిషత్తునకు ఒకే దినమున అందినవి.

ఇందు హీలియ మెక్కడ? ఆ రేఖలలో పసుపుపచ్చని దొకటి యుండెను. సోడియపు జంటరేఖల తరంగదైర్ఘ్యము 589.0, 589.6 నానోమీటర్లు, దీనిది 587.6. తొందరలో చూచినవారు దానిని సోడియమే యని భావించుటలో వింత లేదు.

కాశికి పోయినంతమాత్రమున ఎవడును అన్నంభట్టు కాజాలడని నానుడి గలదు. 17వ శతాబ్దికి చెందిన ఆ తెలుగు పండితుని తర్కసంగ్రహమును చేతబట్టిన బాలుడైనను ఇచటి దోషము పట్టగలడు. పొగను బట్టి నిప్పును ఊహింపవచ్చును గాని, నిప్పును బట్టి పొగను ఊహింపరాదు. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. పొగ పుట్టవలెనన్న పచ్చికట్టె కూడ నుండవలెను. దానికే ఉపాధి యని పేరు. అట్లే, సోడియ మున్నచోట పసుపు రేఖ యుండునే గాని, పసుపు రేఖ యున్న ప్రతిచోటను సోడియ ముండ నక్కరలేదు. కన్ను చూచినది నిజమే. చెడినది వ్యాప్తి.

లాకియర్ రేఖాస్థానమును నిదానముగా కొలిచి, తెలిసిన ఏ పదార్థమునకును అది సరిపడకుండుటచే సూర్యునిలో తెలియని మూలకము కలదని ఊహించెను. సూర్యుని గ్రీకు పేరు మీద అది హీలియ మైనది. పగలు తినని దేవదత్తుడు లావుగా నున్నచో రాత్రి తినుచుండవలెనను అర్థాపత్తి వంటిది ఈ ఊహ. మీమాంసకులు దీనిని వేరు ప్రమాణ మందురు; నైయాయికులు అనుమానములోనే చేర్చుదురు. రసాయనజ్ఞులలో పలువురు మాత్రము చాలకాలము నమ్మలేదు. 1895లో రామ్సే క్లీవైటను ఖనిజమును ఆమ్లముతో కాచి వెలువడిన వాయువును పరీక్షింపగా ఆ పసుపు రేఖయే కనబడెను. మధ్య 27 సంవత్సరములు గడచినవి.

కావున హీలియము గుంటూరిలో కనుగొనబడె ననుట సరికాదు. పసుపు రేఖ క్రొత్త మూలకపుదని జాన్సెన్ చెప్పియుండలేదు. గ్రహణముతో పని లేకుండ సూర్యజ్వాలలను చూచు ఉపాయము మాత్రము గుంటూరిలోనే పుట్టినది. నా దృష్టిలో నిది తక్కువ గౌరవము కాదు. పిల్లలకు ఈ మాటయే చెప్పుట మేలు.

లాకియర్ ఊహ ఫలించుట చూచి ఆ పద్ధతి నిర్దోషమని మురియుటకును వీలులేదు. 1869 నాటి అమెరికా గ్రహణమున సూర్యుని కరోనాలో ఒక ఆకుపచ్చ రేఖ కనబడినది. అదియు తెలిసిన పదార్థములకు సరిపడలేదు. సరిగా ఆ తర్కముతోనే కరోనియమను క్రొత్త మూలకమును కల్పించిరి. డెబ్బది యేండ్లు అది పుస్తకములలో నిలిచినది. 1940 ప్రాంతమున గ్రోట్రియన్, ఎడ్లేన్ అనువారి పరిశోధనలతో, ఆ రేఖ 13 ఎలక్ట్రానులను కోల్పోయిన ఇనుముదని తేలినది. తెలిసిన పదార్థమే, పది లక్షల డిగ్రీల వేడిలో దాని స్థితి యెవరికిని తెలియదు. మన తార్కికుల ఇనుపగుండు సూర్యునిలో నిట్లు మరల కనబడినది.