బాసిం లోపల ఎవరు?

అజాన్ వినపడగానే మా అమ్మీ కొంగు తలమీదికి లాక్కుంటుంది. చేతిలో పని ఆపేస్తుంది. ఎవరైనా మాట్లాడుతుంటే చేత్తోనే ఆగమంటుంది. ఆ రోజు అజాన్ వచ్చింది మసీదు నుంచి కాదు, నా మేనల్లుడి కంప్యూటర్లోంచి. "అజాన్ హోరి, బాతాఁ బంద్ కరో" అంది అమ్మీ. వాడు నవ్వాపుకుంటూ, "నానీ, ఇది ఆట. పన్నెండొందల ఏళ్ల కిందటి బాగ్దాద్" అన్నాడు. అమ్మీ కొంగు తియ్యలేదు. అజాన్ అయ్యేదాకా అట్లాగే కూచుంది. వాడు నావైపు తిరిగి అడిగాడు: "మామూ, ఇదంతా మనదేనా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఆ ఆట పేరు అసాసిన్స్ క్రీడ్ మిరాజ్. ఫ్రాన్సు కంపెనీ యుబిసాఫ్ట్ 2023 అక్టోబరు 5న విడుదల చేసింది. బాగ్దాద్ వీధుల్లో చిల్లర దొంగతనాలు చేసుకు బతికే బాసిం ఇబ్న్ ఇస్‌హాక్ అనే కుర్రాడు ఒక రహస్య హంతక దళంలో చేరడం అందులో కథ. అస్తిత్వం గురించిన పుస్తకంలో పిల్లల ఆట గురించి వ్యాసమేమిటని పెద్దలకు అనిపించొచ్చు. మా తరం సినిమాలో తురకోడు ఎట్లా ఉంటాడో చూసి, మమ్మల్ని మేం అద్దంలో అనుమానంగా చూసుకుంది. ఇప్పటి పిల్లల అద్దం ఈ ఆటలే. పాఠ్యపుస్తకం తిరగెయ్యని పిల్లాడు కూడా రోజుకి మూడు గంటలు ఆటలో చరిత్ర మధ్య తిరుగుతున్నాడు. ఆ చరిత్ర ఎవరు రాస్తున్నారో, దాన్ని ఎవరు ఎట్లా తీసుకున్నారో మనం పట్టించుకోవద్దా?

2009లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ మోడరన్ వార్‌ఫేర్ 2లో కరాచీ ఉంది. అంటే కాల్చుకోవడానికి వీలైన గోడలూ, సందులూ ఉన్నాయి. దుకాణాల బోర్డులు అరబ్బీలో ఉన్నాయి. కరాచీలో! ఉర్దూ చదువుకున్నవాణ్ణి గనక నాకిది వేలికి ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. ప్రపంచమంతా ఆడే ఆట కట్టినవాళ్లకి ఒక మహానగరం ఏ భాషలో చదువుకుంటుందో కనుక్కునే తీరిక లేకపోయింది. ముసల్మానులైతే చాలు, అందరిదీ ఒకే లిపి, ఒకే గడ్డం, ఒకే ఇసుక. ఆ ఆటల్లో మేం మాట్లాడం. అరుస్తాం, తూటా తగిలి పడిపోతాం.

అసాసిన్స్ క్రీడ్ వరస దీనికి కొంత భిన్నంగానే మొదలయింది. 2007 నవంబరులో వచ్చిన మొదటి ఆట మూడో క్రూసేడు కాలం నాటిది. సంవత్సరం 1191. డమాస్కస్, జెరూసలేం, ఏకర్ నగరాలు. నాయకుడు అల్తాయిర్, తండ్రి ముస్లిం, తల్లి క్రైస్తవురాలు. నగరాలు అద్భుతమనీ, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయిస్తున్నారనీ విమర్శకులు రాశారు. సిరియా మనిషి అచ్చం అమెరికా వాడి యాసలో మాట్లాడటం కొందరికి ఎబ్బెట్టుగా తోచింది. ఆట మొదలవగానే తెరమీద ఒక ప్రకటన వస్తుంది. వేర్వేరు మతాల, నమ్మకాల మనుషులు కలిసి దీన్ని తయారు చేశారని. అంటే సంజాయిషీ చెప్పుకుని మొదలయ్యే ఆట. సంజాయిషీతో నోరు తెరవడం ఎట్లాగో మాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

బాసిం మొదట కనపడింది ఇక్కడెక్కడా కాదు. 2020 నవంబరులో వచ్చిన వల్హల్లా అనే ఆటలో. అది వైకింగుల కథ. నార్వే నుంచి ఇంగ్లండు మీదికి దండెత్తిపోయిన వాళ్ల కథ. ఆ తెల్ల దొరల మధ్యకి నల్ల గడ్డంతో, తీయని మాటతో ఒక అరబ్బు వస్తాడు. స్నేహం చేస్తాడు, యుద్ధవిద్య చెబుతాడు, చివర్లో ద్రోహం చేస్తాడు. అతనిలో నార్సు పురాణాల మాయలమారి దేవుడు లోకీ మళ్లీ పుట్టాడని తేలుతుంది. ఆ మంచు దేశంలో గుర్తుండిపోయే ఒక్క బాగ్దాద్ మనిషి, అతనే నమ్మినవాణ్ణి వెనక నుంచి పొడిచేవాడు. యాదృచ్ఛికమనుకుందాం.

ఈ వల్హల్లాకి ఒక ఎక్స్‌పాన్షన్, అంటే అసలు ఆటకి తర్వాత తగిలించే అదనపు భాగం, తయారు చేద్దామనుకుని కంపెనీవాళ్లు బాసిం యవ్వనం కథ ఎత్తుకున్నారు. అది పెరిగి పెద్దదై విడి ఆటగా నిలబడింది. ఈ సంగతి 2022లో బయటికొచ్చింది, తర్వాత కంపెనీ కూడా ఒప్పుకుంది. మిరాజ్ పుట్టుక ఇదీ. ఒకరి కథకి అనుబంధంగా మొదలవడం మాకు కొత్తేం కాదు. తెలుగు సాహిత్య చరిత్ర పుస్తకాల్లో మా పేర్లు వచ్చేది కూడా ఆఖరి పేజీల్లోనే గదా!

విమర్శకులు మిరాజ్‌ని మెచ్చుకున్నారు, మరీ ఆకాశానికి ఎత్తలేదు. వందగంటలైనా తెమలని వల్హల్లా తర్వాత ఇది చిన్నగా, చిక్కగా ఉందన్నారు. 50 డాలర్లకే ఇచ్చారన్నారు. నగరం బాగుందన్నారు. కత్తియుద్ధం పసలేనిదనీ, కాపలావాళ్లు మందబుద్ధులనీ, బాసిం మనసులోకి కథ దిగలేదనీ అన్నారు. నాకు ఆసక్తిగా తోచింది ఇంకొకటి. ఇది ఇంటికి తిరిగి రావడమని చాలామంది రాశారు. ఏ ఇంటికి? 2007 నాటి మొదటి ఆటకి. చాటుగా నడవడం, గోడలెక్కడం, గుంపులో కలిసిపోవడం, ఆ పాత పద్ధతికి. బాగ్దాద్ వాళ్లకి ఒక మంచి మైదానం.

అదే ఆటలో ముస్లిం ఆటగాళ్లకి దొరికిన ఇల్లు వేరు. అజాన్ వినపడే చోటు చూపిస్తూ వీడియోలు ఒకరికొకరు పంపుకున్నారు. ఇంగ్లీషు మానేసి అరబ్బీలో ఆడమని సలహాలిచ్చుకున్నారు. అరబ్బీలో బాసింకి గొంతిచ్చింది జోర్డాన్ నటుడు ఇయాద్ నస్సార్. మసీదు కనపడితే దాంట్లో బాంబు లేదు. సలాం చెప్పినవాడు తీవ్రవాది కాదు. కాగితం అమ్మేవాడు, కుండలు చేసేవాడు, గ్రంథాలయంలో చదువుకునే ఆడమనిషి, వీళ్లంతా ఊరికే బతుకుతుంటారు. ఊరికే బతకడం! ఎంత చిన్న కోరిక. దానికోసం మేం ఎంత ఆబగా చూశామో చెబితే మిగతావాళ్లకి నవ్వొస్తుంది.

తయారు చేసినవాళ్ల శ్రమనీ కాదనకూడదు. ఖలీఫా అల్ మన్సూర్ 762లో కట్టడం మొదలుపెట్టిన గుండ్రటి నగరం ఇవాళ నేలమీద ఆనవాలు లేదు. 1258లో మంగోలులు బాగ్దాద్‌ని నేలమట్టం చేశారు. పాత గ్రంథాల వర్ణనలూ, సమర్రా శిథిలాలూ ఆధారంగా ఊహించుకోవాల్సిందే. చరిత్రకారుల్ని పెట్టుకున్నారు. ఇస్లామీ కళావస్తువులున్న మ్యూజియంల నుంచి బొమ్మలు తీసుకున్నారు. ఆటలోనే 66 చోట్ల ఆగి ఆ కాలం గురించి చదువుకోవచ్చు. మా మేనల్లుడు వాటిలో సగం చదివాడు. వాడి బడి పుస్తకంలో అబ్బాసీల పేరు ఎక్కడుందో నేను వెతికాను, దొరకలేదు.

సంతోషపడ్డాను. తర్వాత కథ చివరిదాకా చూశాను.

బాసింని చిన్నప్పటి నుంచీ ఒక జిన్ను వేటాడుతుంటుంది. నిద్రలో కనపడి గొంతు నొక్కుతుంది. చివరికి తేలేదేమంటే ఆ జిన్ను అతని గతజన్మ చెర తాలూకు జ్ఞాపకం. లోపలున్నది లోకీ. బాసింకి చిన్ననాటి నేస్తం నెహాల్ ఉంటుంది. ఆమె కూడా అసలు మనిషి కాదు, అతని లోపలి భాగమే. బాగ్దాద్ బిడ్డకి ఆత్మ ఎక్కణ్ణుంచో ఉత్తరాది మంచులోంచి వచ్చింది. నగరమంతా ఇంత జాగ్రత్తగా కట్టి, నగరంలో నిలబెట్టిన మనిషి లోపల మాత్రం పరాయివాణ్ణి పెట్టారు. విమర్శకులు దీన్ని వల్హల్లా చూడనివాళ్లకి అర్థం కాని ముగింపు అని కొట్టేశారు. నాకు మాత్రం బాగా అర్థమయింది. శరీరం ఇక్కడ, మనసు ఎక్కడో అని క్రికెట్ మ్యాచ్ జరిగిన ప్రతిసారీ మా గురించి అంటారే, ఆ మాట కథగా మారితే ఇట్లాగే ఉంటుంది.

ఇంకోటి. ఖలీఫా అల్ ముతవక్కిల్‌ని 861లో చంపింది అతని సొంత తురుష్క అంగరక్షకులు. అది దర్బారు కుట్ర, సైన్యం రాజకీయం. ఆటలో ఆ చావు రాజభవనంలోకి దొంగతనానికి దూరిన నెహాల్ చేతిలో జరుగుతుంది. నెహాల్ బాసిం లోపలి మనిషే గనక, ఆ రక్తం వీధి కుర్రాడి చేతికే అంటింది. పెద్దల కుట్రని పేదవాడి ఖాతాలో రాసేశారు. ఆటకి కథ కావాలి, ఒప్పుకుంటాను. అయినా ఈ లెక్క మాకు బాగా పరిచయం.

మా వాళ్లు మరిచిపోయినదీ ఉంది. అబ్బాసీల కాలం స్వర్ణయుగమని మురిసిపోతాం. ఆ స్వర్ణం ఎవరు తవ్వారు? బస్రా దగ్గర బురదనేలల్లో ఉప్పు పేరుకున్న పైమట్టిని గీకి ఎత్తిపోసింది తూర్పు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. వాళ్లని జంజ్ అన్నారు. 869లో వాళ్లు తిరగబడ్డారు. 883 దాకా, పద్నాలుగేళ్లు, ఖలీఫా సైన్యాల్ని నిలువరించారు. ఆ తిరుగుబాటు నాయకుడు అలీ ఇబ్న్ ముహమ్మద్ మిరాజ్‌లో బాసింకి తోడుగా కనపడతాడు. ఆట చేసిన మంచిపని ఇది. అజాన్ వీడియో పంపుకున్న మనవాళ్లలో జంజ్‌ల గురించి మాట్లాడినవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు. దూదేకుల సాయిబుకి పిల్లనివ్వడానికి ఆలోచించే బిరాదరీ జంజ్‌లని తలుచుకుంటుందా?

"ఇదంతా మనదేనా" అంటే నాకు దొరికే తోవ అక్కడే. మాలిక్ అంబర్ ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, బాగ్దాద్ సంతలోంచి దక్కన్ చేరాడు. అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నిలబెట్టి మొగలుల్ని ముప్పుతిప్పలు పెట్టి 1626లో పోయాడు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేటుంది. బస్సు కండక్టరు రోజూ అరిచే పేరు. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం కొలువులో హబ్షీల గుర్రపుదళం. బాగ్దాద్‌కీ మాకూ చుట్టరికం ఉంటే అది ఖలీఫా సింహాసనం గుండా కాదు, ఈ సంత గుండా. ఈ మాట మేనల్లుడికి చెప్పాను. "ఏసీ గార్డ్స్ ఆట ఎవరు చేస్తారు మామూ?" అన్నాడు.

ఇక మిరాజ్‌కే ఒక ఎక్స్‌పాన్షన్ వచ్చింది. 2025 నవంబరు 18న. పేరు వ్యాలీ ఆఫ్ మెమరీ. ఎక్స్‌పాన్షన్‌గా పుట్టిన ఆటకి మళ్లీ ఎక్స్‌పాన్షన్. ఊరికే ఇచ్చారు, పైసా తీసుకోలేదు. బాసిం చనిపోయాడనుకున్న తండ్రిని వెతుక్కుంటూ అరేబియాలోని అల్ ఉలాకి వెళతాడు. తండ్రిని వెతకడం మంచి కథే, మిరాజ్‌లో కొరవడిన మనసు దీంట్లో కొంత ఉంది. రెండేళ్ల తర్వాత కూడా పాత ఆటని మరిచిపోకుండా, గోడలెక్కడం, దూకడం సరిదిద్దారని ఆటగాళ్లు సంతోషించారు. ఇంకొందరు దీన్ని ముట్టబోమన్నారు. కారణం సొమ్ము. దీని వెనక సౌదీ డబ్బుందని ఫ్రెంచి పత్రికలు 2025 జనవరిలోనే రాశాయి. ఆగస్టులో దీన్ని ప్రకటించింది కూడా రియాద్‌లోనే. జర్నలిస్టు జమాల్ ఖషోగ్గీని 2018 అక్టోబరు 2న ఇస్తాంబుల్ కాన్సులేట్‌లో చంపినవాళ్లు ఎవరో లోకానికి తెలుసు. నేనూ జర్నలిస్టునే. ఉచితంగా వచ్చిన ఆట ఖరీదు ఎవరు కట్టారో అడక్కుండా ఉండలేను. అదే సెప్టెంబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే పెద్ద ఆటల కంపెనీని సౌదీ నిధి మరో ఇద్దరితో కలిసి 5,500 కోట్ల డాలర్లకి కొనే ఒప్పందం ప్రకటించారు. నిన్న మమ్మల్ని తూటాకి బొమ్మల్ని చేసినవాళ్లు పరాయివాళ్లు. రేపు మా బొమ్మ గీసేది మా పేరు పెట్టుకున్న రాజులు. అక్కడ ఇటుకలు మోసే తెలంగాణ, రాయలసీమ మనిషి ఆ బొమ్మలో ఉంటాడా?

అయితే ఆ ఆటని ముట్టనన్న తెల్ల కుర్రాళ్లతో కూడా నాకు పూర్తి పొత్తు కుదరలేదు. ఇరాక్ మీద బాంబులేసిన సైన్యం జెండాతో కాల్చే ఆటలు వాళ్లు ఇన్నేళ్లుగా ఏ అంతరాత్మా అడ్డురాకుండా ఆడారు.

ఈ అల్ ఉలా దగ్గరే హిజ్ర్ ఉంది. మదాయిన్ సాలిహ్ అంటారు. కొండల్లో తొలిచిన నబాతీయుల సమాధులు. 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. సౌదీ ప్రభుత్వం ఇప్పుడు లోకాన్నంతా అక్కడికి పర్యటనకి పిలుస్తోంది. ముసల్మానులకి ఆ చోటు సాలిహ్ ప్రవక్త మాట వినక నాశనమైన సమూదు జాతిది. తబూక్ దండయాత్రకి వెళ్లేటప్పుడు ప్రవక్త అక్కడ ఆగకుండా గబగబా దాటిపొమ్మన్నారని హదీసు. పద్నాలుగో శతాబ్దంలో హజ్‌కి పోయిన ఇబ్న్ బతూతా కూడా యాత్రికులు అక్కడి బావుల నీళ్లు దప్పికైనా తాగరని రాశాడు.

మేనల్లుడు అల్ ఉలా ఆట పెట్టిన రోజు అమ్మీ పక్కనే బియ్యం ఏరుకుంటోంది. ఇది ఏ ఊరని అడిగింది. వాడు చెప్పాడు. మదాయిన్ సాలిహ్ పక్కనే నానీ, అన్నాడు. బాసిం గుర్రం ఒక కొండవార ఆగి ఉంది, వాడు చుట్టూ తిప్పి చూసుకుంటున్నాడు. అమ్మీ చేటలోంచి తలెత్తి, "అక్కడ నిలబడకూడదు బేటా, ఘోడా నడుపు, జల్దీ" అంది.